ఎర్ర చుక్కలు

తబస్సుమ్ సంచిలోంచి సీసా తీసి టేబుల్ మీద పెట్టింది. నల్లటి నీళ్లు. అందులో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

వార్డు ఆఫీసులో హెల్త్ ఇన్‌స్పెక్టర్ భానుచందర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

“గిదేందమ్మా? ముందుగాల తీయ్.”

“మా నాలా గల్లీ నీళ్లు సారూ. గడప ముందట్నే నిలబడ్డయి. అండ్ల పంది చచ్చి మూడు దినాలాయె, తీసెటోడు లేడు. ఇంటికొకరు డెంగీతోని పడ్డరు. మా పెద్దబిడ్డ ఐమన్ దవాఖానల పడి ఐదు రోజులు. ఇంట్ల చిన్నది సాబిరా ఉన్నది. దానికి రాకముందే జర పొగ మిషన్ తోలున్రి.”

భానుచందర్ కంప్యూటర్ ఆమె వైపు తిప్పాడు. తెర మీద ఊరి మ్యాపు.

“దవాఖానల రాసుకున్న లిస్టే మాకొస్తది. కేసుకొక ఎర్ర చుక్క. చుక్కలున్న కాడికే మిషన్. మీ గల్లీల ఎన్నున్నయో చూస్కో.”

నాలా గల్లీ ఉన్నచోట ఒక్క చుక్క లేదు. పాలతో కడిగినట్టుంది. పైసలున్నోళ్ల కాలనీ సుబేదారి మాత్రం ఒళ్లంతా పొక్కులు లేచినట్టు ఎర్రగా ఉంది. ముప్పై ఒకటి.

తబస్సుమ్ తెర మీదికి వంగి చూసింది. రోజూ ఆమె పనికి పోయేది సుబేదారికే. కిటికీలకు జాలీలు, వాకిళ్లకు టైల్స్, ఫినాయిలు వాసన. దోమ కూడా చెప్పులు విడిచి లోపలికి పోవాల్సిన ఇళ్లు.

“ఆడ ఒక్కరన్న జ్వరంతోని పండంగ నేను చూడలె సారూ.”

“నీకు చెప్పి పంటరా?”

“మేమంటేనే మీ అందరికి రోత. నిరుడు మా భద్రమ్మ పెద్దమ్మ దవాఖానల గల్లీ పేరు చెప్తే ముక్కు మూసుకొని, పొద్దుమూకేదాక వరండాల కూసోబెట్టిన్రు. ఇప్పుడు మీరు.”

“లిస్టుల లేంది నేనేం చేయాలె? సీసా తీస్కపో.”

బయట పొగ మిషన్ బండి స్టార్టయింది. నాలా గల్లీ మలుపు దాకా వచ్చి, అటు చూడనైనా చూడకుండా సుబేదారి రోడ్డెక్కింది. సీసా పట్టుకుని బయటికొచ్చిన తబస్సుమ్ దాని వెనక ఉమ్మేసింది.

దవాఖానకు పోయేసరికి జ్వరాల వార్డు కిటకిటలాడుతోంది. ఐమన్ పక్క మంచం మీద పద్మ కొడుకు. ఆ పక్కన భద్రమ్మ మనవడు. ఆ తర్వాత ఉప్పలయ్య. వరుస వరుసంతా నాలా గల్లీయే. ఇంతమంది మంచాలెక్కితే ఆఫీసు లెక్కలో సున్నా అట. సిగ్గులేని లెక్క.

తబస్సుమ్ చెప్పింది విని భద్రమ్మ మొహం చిట్లించింది.

“పైసలున్నోళ్లు బిడ్డా. దొంగ కేసులు రాయించుకొని మిషన్ పిలిపించుకుంటాండ్రు. థూ, అదొక బతుకా.”

“రేపు అందరం పోదాం పెద్దమ్మా. మా జ్వరాలు యాడ పాయెనని గల్లా పట్టుకొని అడుగుదాం.”

మంచాల పక్కన కూర్చున్న ఆడవాళ్లంతా సరేనన్నారు. పద్మ పనికి సెలవు పెడతానంది.

అప్పుడే తబస్సుమ్ భర్త సమద్ రొప్పుతూ వచ్చాడు. భుజం మీద సాబిరా. కళ్లు తెరవడం లేదు. తబస్సుమ్ నుదురు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. పొయ్యి మీది పెనంలా ఉంది.

రక్తపరీక్ష రాగానే సిస్టర్ తల అడ్డంగా ఊపింది.

“దీనికి కూడ డెంగీయే. అడ్మిట్ చేయాలె.”

ఆమె కొత్త కాగితం తీసి పాప పేరు, వయసు రాసుకుంది. తలెత్తకుండానే అడిగింది.

“అడ్రసు?”

నిరుటి నుంచి గల్లీ ఆడవాళ్లంతా చేస్తున్నట్టే, తబస్సుమ్ కూడా తడుముకోకుండా, సుబేదారిలో తను అంట్లు తోమే ఇంటి అడ్రసే రాయించింది.