పిడికిళ్ల లెక్క

ఉదయం పదిన్నరకు తెరలన్నీ ఒక్కసారిగా తెల్లబోయాయి.

అంబులెన్సు కంట్రోల్ రూములో అంతకంటే అరిష్టం మరొకటి లేదు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఉపగ్రహ సంకేతం అందక, ఏ ఫోను ఎక్కణ్ణుంచి వస్తోందో చూపించే ఎర్రచుక్క మాత్రం మాయమైంది.

సూపర్‌వైజరు కాలుకాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర బుధవారం బాబాయి ప్రత్యక్షమయ్యాడు, చంకలో చుట్టిన పటంతో.

ఆయన అసలు పేరు ఎవరూ అడగలేదు. ఏడాదిగా ప్రతి బుధవారం వస్తాడు. "ఈ పటం మీ గోడకి తగిలించుకోండి బాబూ, చుట్టుపక్కల దారులన్నీ నేనే నడిచి సరిచూశాను" అంటాడు. ఉపగ్రహాలుండగా కాగితమెందుకని అందరూ నవ్వుతారు. ఆయనా నవ్వి వెళ్ళిపోతాడు. అంత జిడ్డు మనిషి.

"ఇక్కడ కొంపలంటుకుంటుంటే మీ గొడవేంటి బాబాయ్!" సూపర్‌వైజరు కసిరాడు. "మీకు దణ్ణం పెడతాను, ఇక రాకండి."

"సరే బాబూ, రాను" అని ఆయన వెనుదిరిగాడు.

అంతలో ఆపరేటరు ముందున్న ఫోను మోగింది.

"మా ఆయన బండి మీంచి పడ్డాడండీ! తొడ చీరుకుపోయింది. రక్తం ఆగట్లేదు!" ఒక ఆడగొంతు.

"గుడ్డతో గట్టిగా అదిమి కట్టండి. కట్టారా? ఎక్కడున్నారు?"

"తెలీదు! అడ్డదారని ఫోను చూపిస్తే వచ్చాం. ఇప్పుడు అందులో ఏమీ కనపడట్లేదు. ముళ్ళకంపలూ బండలూ తప్ప ఇక్కడ పురుగు కూడా లేదు. నా ఫోన్లో మూడు శాతమే ఉంది..."

రెండు బండ్లు సిద్ధంగా ఉన్నాయి. ఏ వైపు పంపాలి?

గడప దాటబోతున్న బాబాయి ఆగిపోయాడు. ఎవరి అనుమతీ అడగకుండా బల్ల మీది టీ గ్లాసులు పక్కకు నెట్టి పటం పరిచాడు.

"దూరంగా ఏమేం కనిపిస్తున్నాయో అడుగమ్మా."

ఆపరేటరు అడిగింది.

ఎడమవైపు ఎరుపూ తెలుపూ పట్టీల పొగగొట్టం. ఎదురుగా గుండ్రటి నీళ్ళ ట్యాంకు. కుడివైపు సగం తవ్వేసిన కొండ.

"చాలు. చెయ్యి చాచి పిడికిలి బిగించమను. పొగగొట్టానికీ ట్యాంకుకీ మధ్య ఎన్ని పిడికిళ్ళు పడతాయి? ట్యాంకుకీ కొండకీ మధ్య ఎన్ని?"

"ఇది ఆటలాడే సమయమా?" సూపర్‌వైజరు అరిచాడు.

"చాచిన పిడికిలి పది డిగ్రీల కోణం బాబూ. ఎవరి చెయ్యైనా ఇంచుమించు అంతే."

జవాబు వచ్చింది. నాలుగు, మూడు.

పలచటి కాగితం మీద ఒక చుక్క పెట్టి, ఆ కోణాలతో మూడు గీతలు గీశాడాయన. ఆ కాగితాన్ని పటం మీద అటూ ఇటూ జరిపాడు. మూడు గీతలూ ఆ మూడు గుర్తుల మీదుగా వెళ్ళేచోట ఆపాడు.

చుక్క వెళ్ళి పెద్ద చెరువు నడిమధ్యన కూర్చుంది.

"శభాష్! వాళ్ళు ఈత కొడుతున్నారన్నమాట" అన్నాడు సూపర్‌వైజరు.

బాబాయి కంగారుపడలేదు. "మోచెయ్యి వంచిందేమో అడుగమ్మా."

"వంచానండీ... చెయ్యి నిండా రక్తం, వణికిపోతోంది" అంది అవతల ఆమె ఏడుస్తూ.

"వంచితే పిడికిలి కంటికి దగ్గరై పెద్దదౌతుంది, లెక్క తగ్గుతుంది. చెయ్యి బిగదీసి మళ్ళీ కొలవమను."

"ఐదున్నర... నాలుగు..." అంటుండగానే ఫోను ఆగిపోయింది.

బాబాయి కొత్తగా గీతలు గీశాడు. కాగితం మళ్ళీ జరిగింది. ఈసారి చుక్క పాత క్వారీ వెనకున్న మట్టిబాట మీద ఆగింది.

"ఇక్కడ. తారు రోడ్డు మీంచి పోతే క్వారీ గేటు వేసి ఉంటుంది. పంపుహౌసు పక్కనుంచి పంపండి."

పద్దెనిమిది నిమిషాలు గడిచాయి. ఆపరేటరు వైర్‌లెస్ వైపే చూస్తూ గోళ్ళు కొరుక్కుంది.

"దొరికారు!" డ్రైవరు గొంతు వినిపించింది. "మనిషికి స్పృహ ఉంది. తీసుకొస్తున్నాం!"

గదంతా కేరింతలు. సూపర్‌వైజరు కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

బాబాయి అప్పటికే తలుపు దగ్గరికి చేరాడు. ఆపరేటరు పరుగున వెళ్ళింది.

"బాబాయ్, మిమ్మల్ని చూసి ఇన్నాళ్ళూ నవ్వాం. తప్పయిపోయింది."

"నీ తప్పేం లేదమ్మా" అన్నాడాయన మెల్లగా. "అప్పుడూ లేదు."

అప్పుడంటే ఎప్పుడో ఆమెకు అర్థం కాలేదు. అడిగేలోగా మరో ఫోను మోగింది.

పటం గోడకెక్కింది. సూపర్‌వైజరే స్వయంగా మేకులు కొట్టాడు.

తర్వాతి బుధవారం బాబాయి రాలేదు. ఆ పైవారమూ రాలేదు. రానన్న మాట నిలబెట్టుకున్నాడు.

ఆపరేటరు మనసు నిలవలేదు. కింద గేటు దగ్గరి సందర్శకుల పుస్తకంలో ఆయన ఫోను నంబరు వెతికి పట్టుకుంది. పటం తగిలించామని చెప్పాలి, ఒక్కసారి వచ్చి చూసుకొమ్మనాలి.

కంప్యూటరులో నంబరు కొట్టింది. ఏ నంబరు కొట్టినా, అది గతంలో ఎప్పుడైనా ఇక్కడికి ఫోను చేసి ఉంటే ఆ వివరాలు తెర మీదికి వస్తాయి.

ఒకే ఒక్క ఫోను ఉంది. పద్నాలుగు నెలల కిందటిది.

"తెర మీద చుక్క పడలేదు, ఎక్కడున్నదీ చెప్పలేకపోయారు. గంటసేపు వెతికి బండి చేరేసరికి ఆయన భార్య చనిపోయారు" అని ఆ వేళ టైపు చేసింది తనే.