మతిమరుపు తాతగారు

"ఏవీ, అరచేతులు చూపించండి!" అంది అజ్రా.

అరుగు మీద కూర్చున్న ముసలాయన తెల్లబోయాడు.

"ఎందుకమ్మా?"

"మీరెక్కడో రాసుకున్నారు. లేకపోతే అర్థంలేని మాటలు పది నేను నిన్న ఒక్కసారి చదివితే, ఇవాళ వరస తప్పకుండా ఎలా చెబుతారు?"

ఆయన రెండు చేతులూ చాపాడు. వాటిలో ఏమీ లేదు. అయినా అజ్రాకి అనుమానం తీరలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం ఆ పిల్ల.

వేసవి సెలవులు దాటితే అజ్రా ఇంటర్ ఆఖరి సంవత్సరంలోకి వస్తుంది. తిరువూరులో తమ వీధి ఆడపిల్లలెవరూ తొక్కని కాలేజీ గడప తొక్కింది చాలక, మనస్తత్వశాస్త్రం కూడా తీసుకుంది.

సెలవులకు ముందు సారు ఒక పని అప్పగించాడు. ఇంట్లోవాళ్లు కాని మనిషిని ఒకరిని ఎంచుకోవాలి. రోజూ అర్థంలేని మాటలు వినిపించి, మర్నాటికి ఎన్ని మరిచిపోయారో రాసుకోవాలి. కాలేజీ తెరిచేసరికి ఆ లెక్క తేనివాళ్లు ఆ సబ్జెక్టు వదులుకోవలసిందే.

సైకిలు షాపు నడిపే అజ్రా నాన్న ఖాదర్‌బాషా ముందే చెప్పాడు. "కాలేజీలో ఒక్క మాట పడ్డావో, చదువు మానిపించేస్తా. తర్వాత ఏడ్చినా లాభం లేదు."

టీచరమ్మ కావాలన్నది అజ్రా ఆశ. ఆ ఆశంతా ఇప్పుడు ఎవరో ఒకరి మతిమరుపు మీద ఆధారపడింది.

వీధిలో ఎవర్నడిగినా తప్పించుకున్నారు. "నాకు పిచ్చుందో లేదో చూస్తావటే?" అని సుగ్రాబీ ఏకంగా తగువుకే వచ్చింది.

చివరికి దొరికినవాడు పక్కింటి కమలాంబగారి అన్నయ్య. భార్య పోయాక కొన్నాళ్లు చెల్లెలి దగ్గర ఉందామని వచ్చాడు. పొద్దస్తమానం అరుగు మీద మౌనంగా కూర్చునేవాడు. పని చెయ్యనివాడు పరీక్షకైనా పనికొస్తాడు కదా అనుకుంది అజ్రా. తీరా చూస్తే ఇదీ సంగతి.

"మర్నాటికి సగం పైగా మరిచిపోవాలని పుస్తకంలో ఉంది." అజ్రా చేతిలోని నోటుబుక్కు మూసేసింది. "మీరేమో అన్నీ చెప్పేశారు. నేనే కల్పించి రాశానంటారు సారు. మా నాన్న కాలేజీ మానిపిస్తాడు."

ముసలాయన ఆ పిల్ల కళ్లలోని నీళ్లు చూశాడు.

"తప్పు నాదేనమ్మా. కొత్త మాటలు చదువు."

"ఈసారి నిజాయితీగా చెప్పాలి మరి!"

"అలాగే."

"బుతె... కిజో... మెగు... డపి..." చదివింది అజ్రా.

మర్నాడు ఆయన నుదురు రుద్దుకున్నాడు.

"బుతె... మెగు... ఆ తర్వాత ఏదో ఉందే... అబ్బే, రావడం లేదు."

కిందా మీదా పడి నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నాడు. అజ్రా ముఖం చేటంతయింది.

"చూశారా? ఇదీ మీ అసలు జ్ఞాపకశక్తి!"

"గుట్టు బయటపడిందే తల్లీ!" అంటూ నవ్వాడాయన.

ఆ ఊరు వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. గుమ్మంలో నిలబడ్డ కమలాంబ పమిటచెంగుతో కళ్లొత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఎండలు ముదిరాయి. అజ్రా రోజూ పొద్దున్నే వచ్చేది. నిన్నటి మాటలు అడిగేది, ఇవాళ్టివి చదివేది. విస్సన్నపేట మామిడిపళ్లు ఇంటికొస్తే రెండు తెచ్చింది.

"మా ఇంటివి. తింటారా తాతగారూ?"

"పండుకి మైలేమిటే? ఇలా ఇయ్యి."

"తినండి. కాస్త మతైనా పెరుగుతుంది."

అజ్రా ఆయనకి మతిమరుపు తాతగారని పేరు పెట్టింది. ఎదురుగానే అలా పిలిచేది. ఆ బిరుదు ఆయనకి తెగ నచ్చింది. ఆ పిల్ల రావడం కాస్త ఆలస్యమైతే పక్కింటి గుమ్మంవైపే చూస్తూ కూర్చునేవాడు.

సెలవులు అయిపోవస్తుండగా ఆయన సొంతూరు బయల్దేరాడు. అజ్రా బస్సు దాకా వెళ్లింది.

"నీ పుణ్యమా అని మరిచిపోవడం కొంచెం కొంచెం వచ్చిందే" అన్నాడు కిటికీలోంచి.

"అదేమన్నా విద్యా తాతగారూ, నేర్చుకోడానికి?"

"నాకు మాత్రం చాలా కష్టమైందమ్మా."

అజ్రా పకపకా నవ్వింది. బస్సు కదిలింది.

కాలేజీ తెరిచారు. అజ్రా తెచ్చిన లెక్క చూసి సారు క్లాసంతటికీ చూపించాడు. పుస్తకంలో ఉన్నట్టే వచ్చిందనీ, ఇంత చక్కగా ఇంకెవరూ చెయ్యలేదనీ మెచ్చుకున్నాడు. ఖాదర్‌బాషా ఆ మాట షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఇక చదువు మానిపించే ఊసే ఎత్తలేదు.

అజ్రా పరుగున కమలాంబ ఇంటికి వెళ్లింది.

"పిన్నిగారూ! తాతగారు మళ్లీ ఎప్పుడొస్తారు?"

కమలాంబ కళ్లు వాచి ఉన్నాయి.

"అన్నయ్య పోయాడే. మొన్న ఏకాదశి నాడు, నిద్రలోనే."

అజ్రా అరుగు మీద కూలబడింది. చాలాసేపు వెక్కివెక్కి ఏడ్చింది.

"ఆయన మతిమరుపు వల్లే నా చదువు నిలబడింది పిన్నిగారూ. ఆ మాట చెప్పనేలేదు."

"మతిమరుపా?" కమలాంబ పక్కన కూర్చుని తల నిమిరింది. "నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడే. ఒకసారి సభలో ఒక్క అక్షరం తడబడ్డాడని ఎవరో అంటే, అది అబద్ధమని తేలేదాకా అన్నం ముట్టని మనిషి. నీ ముందు కూర్చుని రోజూ తడబడ్డాడు."

"సభేంటి పిన్నిగారూ?"

"వందమంది వంద రకాలుగా అడిగితే అందరికీ పద్యాలు చెప్పి, మూడోనాడు అన్నీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పిన శతావధాని పరబ్రహ్మంగారంటే మా అన్నయ్యేనే, అజ్రా."