హిల్మా వేడినీళ్లు

వేడినీళ్ల వాడకం మితిమీరిందని అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుడినైన నన్ను పంపితే హిల్మా గారి తలుపు తట్టాను. స్నానాలగదిలో కుళాయి పొగలు కక్కుతోంది. ఆవిడేమో వంటింట్లో ఉంది. కట్టేద్దామని కుళాయి మీద చెయ్యి వేశాను.

"కట్టెయ్యకు నాయనా! మురుగునీళ్ల వేడి లాగి ఏటవతలి ఇళ్లకు పంపుతామని మీటింగులో నువ్వేగా చెప్పావు? మా ఆయన తౌనో ఉన్న వృద్ధాశ్రమం అక్కడే. చలికి ఓర్వలేడు. చూసుకోలేక నేనే పంపేశాను. ఇదైనా చెయ్యనీ."

"హిల్మా గారూ, అసలు ఆ వేడి లాగే పంపు..."

"ఇప్పుడు గది వెచ్చగా ఉంటోందట. నిన్న ఫోన్లో చెప్పాడు."

నేను పనిచేసే మురుగునీటి ప్లాంటులో ఆ పంపు ఆగి మూడు వారాలైంది. చెత్తను వడకట్టే జల్లెడ కడిగించడం మరిచి దాన్ని పాడుచేసింది నేనే. తౌనో గదికి వెచ్చదనమిస్తున్నది ఈ నీళ్లు కాదు, చమురు మంట.

కుళాయి మీంచి చెయ్యి తీసేశాను.