తాకత్ మందు

"మేడమ్, మరి జ్వరంలో ఉన్నవాళ్లకు ఇనుము టానిక్ తాగిస్తే?"

కోఠీ కాలేజీలో ముందు బెంచీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వసుమతి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

అప్పటిదాకా పాఠం హుషారుగానే సాగింది. క్రిమికి ఇనుము లేనిదే పూట గడవదు. మన రక్తమేమో ఇనుమును భద్రంగా దాచుకుంటుంది, జ్వరమొస్తే ఇంకా లోపలికి దాస్తుంది. క్రిమి మాత్రం తక్కువదా? గాలంలాంటి పదార్థాన్ని బయటికి వదులుతుంది. అది ఇనుమును పట్టుకోగానే, రెండింటినీ కలిపి తన గోడలోని ద్వారం గుండా లోపలికి లాగేసుకుంటుంది. కొత్తగా వచ్చిన పత్రికలో చదివి, బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పింది వసుమతి.

"కొన్ని జ్వరాల్లో... క్రిమికి మనమే వడ్డించినట్టు," అంది. క్లాసు అక్కడితో చాలించింది.

ఆమె కూతురు నళిని జ్వరంతో పోయి అప్పటికి ఏడాది కాలేదు. క్రిములు రక్తంలో చేరాయన్నారు దవాఖానలో. ఒంట్లో తాకత్ లేకనే పోయింది పిల్ల అన్నారు ఇరుగుపొరుగు, నానమ్మ ముందరే.

పిల్ల పాలిపోయి ఉందని ఆబిడ్స్‌లో ఇనుము టానిక్ కొన్నది వసుమతే. తాగించే పని అత్త లక్ష్మీనర్సమ్మది. తుప్పు వాసనంటూ నళిని ఇల్లంతా పరుగెత్తేది, నానమ్మ చెంచా పట్టుకుని వెంటపడేది. మొదటి సీసా అయిపోయి, రెండోది తెచ్చిచ్చిన రోజే పిల్లకు జ్వరంతో ఒళ్లు కాలింది.

వసుమతి నాంపల్లిలో ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"అత్తమ్మా, జరమొచ్చినంక గూడ టానిక్ తాపిన్రా?"

బియ్యం ఏరుతున్న ముసలామె కోడలి ముఖం చూసి గతుక్కుమంది.

"ఔ బిడ్డా. తాకత్ మందు తాపకుంటె ఎట్ల? ఒక్క పూట గూడ తప్పలే."

వసుమతి ఇంకేమీ అడగలేదు. మనవరాలిని నువ్వే చంపుకున్నావని ఏ నోటితో అంటుంది? అనలేదు సరే, క్షమించనూ లేదు. సీసా కొన్నది తనేనన్న మాట మాత్రం మనసు దరిదాపులకు రానివ్వలేదు. కోపం దించుకోవడానికి మనిషికి ఇంకో మనిషి కావాలి మరి. ఆ రోజు నుంచి అత్తకు అన్నం పెట్టేది, ముఖం చూసేది కాదు.

"అమ్మతోని మాట్లాడ్తలేవు, ఏమైంది?" అని భర్త బాలకిషన్ అడిగితే, "ఏం కాలే," అనేది.

రెండేళ్లకు లక్ష్మీనర్సమ్మ మంచం పట్టింది. ఒకనాడు మధ్యాహ్నం కోడలి కొంగు పట్టుకుంది.

"పిల్ల విషయంల తప్పు జేసిన బిడ్డా. జర మాఫ్ జెయ్యి."

ఇన్నాళ్లకు తెలిసొచ్చిందన్నమాట, అనుకుంది వసుమతి. మాఫ్ చేశానన్న ఒక్క మాట గొంతుదాకా వచ్చింది. మింగేసింది. కొంగు విడిపించుకుని వంటింట్లోకి వెళ్లింది. పాలు కాచి తెచ్చేసరికి ముసలామె ప్రాణం పోయింది.

కర్మలన్నీ అయ్యాక, అత్త ట్రంకుపెట్టె సర్దడానికి కూర్చుంది వసుమతి. చీరల అడుగున నళిని గౌను కనిపించింది. ఏదో బరువుగా చుట్టి ఉంది అందులో. మెల్లగా విప్పింది.

మూత మీది సీలు కూడా తీయని రెండో సీసా.