మైలుతుత్తంలో నీళ్లెన్ని?

ముందే ఒప్పేసుకుంటున్నా, ఈ కథలో నేను తటస్థంగా ఉండలేను. ఆవిడ పక్షమే.

ఆవిడంటే, ఏళ్ల తరబడి కాలేజీ ల్యాబులో పిల్లల చేత ప్రయోగాలు చేయించి, ఆ కాలేజీ కాస్తా మూతపడ్డాక ఇంట్లో కూర్చున్న మేడం. ఇప్పుడీ ఫ్యాక్టరీ ల్యాబులో ఉన్నది ఒక్కటే పోస్టు. ఆవిడకి వయసు పరిమితి ఈ నెలతో సరి. పొద్దున చెప్పులేసుకుంటుంటే ఆడపడుచు ఓ ముక్క అననే అంది.

"ఇంకా ఎన్ని ఇంటర్వ్యూలు వదినా? ఉద్యోగమూ రిటైర్మెంటూ ఒకే రోజు ఇస్తారేమో అడుగు."

నవ్వేసి వచ్చింది. నవ్వకపోతే ఏడవాలి.

పరీక్ష చూస్తే పిల్లలాట. ఒక్కొక్కరి ముందు ఒక్కో సీసా, అందులో మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేటు. దాని పలుకుల్లో నీళ్లు దాక్కుని ఉంటాయి. కాలిస్తే నీళ్లు పోతాయి, నీలం తెల్లబడుతుంది. ముందెంత బరువు, తర్వాతెంత బరువు, ఆ తేడాని బట్టి ఒక్కో అణువు ఎన్ని నీటి అణువుల్ని మోస్తోందో లెక్కగట్టి ఫార్ములా రాయాలి.

ఐదు. నిద్రలో లేపి అడిగినా ఐదే.

ట్యూబులైటు వెలుగులో నీలం కాస్త వెలిసినట్టు కనబడింది. పట్టించుకోలేదు. తూచింది. కాల్చింది. చల్లార్చింది. మళ్లీ తూచి లెక్క కట్టింది.

మూడొచ్చింది.

ఇంకా నీళ్లు మిగిలాయేమోనని మళ్లీ కాల్చింది. బరువు వెంట్రుకవాసి కదల్లేదు. కాల్చే పింగాణీ మూస ఇంకోటి తీసుకుని, అందులో ఇంకాస్త పొడి వేసి మొదట్నుంచీ చేసింది. మూడే. మొండి మూడు.

పక్క బల్ల దగ్గరి కళ్లజోడతను అప్పటికే బర్నర్ ఆర్పేసి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"మీకెంతొచ్చింది?" గుసగుసగా అడిగింది.

"రావడమేంటక్కా? ఐదు రాసి, దానికి సరిపడా బరువులు వెనక నుంచి కట్టుకొచ్చా."

"అసలు తూచలేదా?"

"తూచి కొత్తగా ఏం కనిపెడతాం? మైలుతుత్తానికి ఐదని ఎప్పుడో కనిపెట్టేశారుగా!"

ఆవిడకి నవ్వు రాలేదు. త్రాసు బాగానే ఉంది, తన చేతులే బాలేవనిపించింది. ఇన్నాళ్లు ఖాళీగా ఉంటే తుప్పు పట్టవా మరి? 'వచ్చిందే రాయండి' అని పిల్లల్ని సతాయించిన నోరే ఇది. నిజమే. కానీ ఆ పిల్లలకి ఇంకో ఏడాది ఉండేది.

"ఇంక కాయితాలివ్వాలి," అని కేక వినబడింది.

గబగబా కొత్త కాయితం అడిగి తీసుకుంది. ఐదు రావాలంటే ఎంత బరువు తగ్గాలో లెక్కేసి రాసింది. మరీ అచ్చుగుద్దినట్టుంటే అనుమానిస్తారని చివరి అంకె కాస్త జరిపింది కూడా. అనుభవం ఊరికే పోతుందా!

పెద్ద కెమిస్టు కాయితం చదివి ఆవిడ మొహంలోకి చూశాడు.

"మీరు రెండుసార్లు చేసినట్టున్నారు?"

"అవును సార్."

"రెండుసార్లూ ఇదేనా వచ్చింది?"

"ఇదే సార్."

"సరేనమ్మా," అని ఆయన నిట్టూర్చాడు. నచ్చలేదేమో అనుకుంటూ మూసలు కడగడానికి సింకు దగ్గరికి నడిచింది.

పక్క గదిలో ఆయన అసిస్టెంటుతో అంటున్నాడు.

"ఈసారీ పోస్టు ఖాళీయేనయ్యా, నిన్న ఓవెన్లో పెట్టి ఐదులో రెండు నీళ్లు నేనే లాగేసి సీసాల్లో పోయిస్తే, ఒక్కరంటే ఒక్కరు మూడని రాయలేదు."