గడియ వేయని గేటు

"జరగరా, వెలుతురుకి అడ్డం. రోజంతా ఎవరికో ఒకరికి అడ్డం నిలబడి రావడం చాలదా?" అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

తమ్ముడు కిటికీ దగ్గర్నుంచి జరిగి గోడకి చేరగిలబడ్డాడు. నిలబడే కునుకు తీయడం బాడీగార్డు ఉద్యోగం నేర్పింది. మంచం మీద నిద్రపోవడం మాత్రం ఎప్పుడో మర్చిపోయాడు.

ఆమె ఒళ్లో అతని నల్లకోటు. తుపాకీ బరువుకి లోపలి జేబు కుట్లు ఊడిపోయాయి. తుపాకీ బల్ల మీద ఉంది.

"ఇవాళ సెలవేగా. ఏం ముంచుకొచ్చింది?"

"పనుంది. గట్టిగా కుట్టు, జారిపోకూడదు."

సూది ఆగింది. "దొరికాడా?"

"దొరికాడు."

ఒకప్పుడు అతనూ, ఆమె భర్తా ఒకే యజమానికి కాపలా కాసేవారు. ఓ మధ్యాహ్నం ఎవడో వెనక గేటులోంచి వచ్చి తుపాకీ పేల్చాడు. యజమాని బతికాడు. అడ్డం వెళ్లిన భర్త బతకలేదు. పేల్చినవాడూ అక్కడే చచ్చాడు. గేటు గడియ ఎవరు తీశారన్నదే తేలలేదు. బావని చేతుల మీద మోసుకెళ్లిన తమ్ముడికి ఆనాటి నుంచీ అదే ధ్యాస.

"పాత వాచ్‌మనే అక్కా. ఊరవతల కూతురింట్లో తలదాచుకున్నాడు."

"ఆ ముసలాయనా? చీమకి కూడా దారిచ్చి నడిచేవాడు కదరా!"

"ఆ పూట అక్కడున్నది వాడొక్కడే. అడిగితే గుర్తులేదని ఏడ్చాడు. దొంగేడుపు."

"చంపి ఏం చేస్తావు?"

"పడుకుంటాను. అలిసిపోయానక్కా."

"జైల్లోనా?"

"ఎక్కడైతేనేం."

చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకుని ఆకలేస్తోందని చెప్పినంత మెత్తగా అన్నాడు ఆ మాట. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. ఇప్పుడు ఆమెకి మిగిలింది కూడా వాడొక్కడే.

సూదిని కోటుకి గుచ్చింది.

"ముసలాయన కాదురా. నేను."

"ఏంటి?"

"మీ బావకి క్యారేజీ తెచ్చాను. ముసలాయన మంచినీళ్లకి వెళ్లాడు. నేనే గడియ తీసుకుని లోపలికొచ్చాను. వెళ్లేటప్పుడు వేయడం మరిచాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదే!"

"ఏ నోటితో చెప్పనురా?"

"నా మీద ఒట్టేసి చెప్పు."

"నా మీదే ఒట్టు."

అతను గుంపులో కొత్త ముఖాన్ని చూసినట్టు ఆమెని చూశాడు. కోటు అడగలేదు. తుపాకీని ముట్టుకోలేదు. చెప్పులేసుకుని గడప దాటి వెళ్లిపోయాడు.

వాడిక ఈ ఇంటికి రాడని ఆమెకి తెలుసు. మిగిలిన రెండు కుట్లూ వేసి, దారం పంటితో కొరికింది.

భర్త చనిపోయిన రోజున ఆమె ఆ గేటు వైపు వెళ్లనే లేదు.