ఆఖరి కార్డు

ఏడేళ్ల గడువు తీరడంతో ఆ ఉదయం హనుమకొండలోని ఆ కాలనీలో గేమ్ కన్సోళ్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఏడేళ్లకు పాతవి ఆపేసి కొత్తవి కొనిపించడం వాటి కంపెనీ పద్ధతి. జనం విసుక్కుంటూ కొత్తవి తెచ్చుకున్నారు. మనస్విని ఇంట్లో మాత్రం పద్నాలుగేళ్ల గేమింగ్ కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. పక్షవాతంతో మాట పడిపోయిన ఆమె భర్త అఖిలేశ్ అందులోని ఒక పాత ఆటలో, కంటిచూపుతో అక్షరాలు ఏరుకుని ఆమెతో మాట్లాడతాడు. ఆ ఆట కొత్త కన్సోళ్లలో రాదు.

మధ్యాహ్నం కంప్యూటర్‌లోంచి కాలిన వాసన వచ్చి తెర నల్లబడింది. అఖిలేశ్ కళ్లు బెదిరిపోయాయి. మనస్విని ఊరంతా తిరిగితే, చివరికి రిపేరు షాపు ఇమ్రాన్, కాలిపోయినదాని బదులు తెరకు బొమ్మనిచ్చే ఒక పాత గ్రాఫిక్స్ కార్డు బయటికి తీశాడు.

“ఇదే ఆఖరిది అక్కా. ఇగ ఏడ దొర్కది.”

“ఎన్నాళ్లొస్తది తమ్మీ?”

ఇమ్రాన్ కార్డు మీది దుమ్ము ఊది ఆమె చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి కార్డు బిగించింది. తెర వెలిగింది. అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి: “మస్తు భయమైంది.”

“నాక్కూడా,” అంటూ ఆమె తన కుర్చీ తిప్పి, తెరకు వీపు పెట్టి అతనికి ఎదురుగా కూర్చుంది. “అది నడుస్తున్నప్పుడే రెప్పలతో మాట్లాడుడు నాకు నేర్పు. ‘అ’ అంటే రెప్ప ఎన్నిసార్లు కొడ్తవ్?”

అతని రెప్ప ఒకసారి వాలింది.